మేడారం: జాతర లేని రోజుల్లో నిలువెత్తు బంగారం మొక్కు ఎట్ల చెల్లించాలె?

జగిత్యాల_సుమ
అందరికీ నమస్తే. మా ఇంటాయన క్షేమంగ ఇంటికొస్తే నిలువెత్తు బంగారం (ఆయన తూకానికి సరిపడ బెల్లం) ఇస్తనని మా అత్తమ్మ సమ్మక్కకు మొక్కింది. ఆయన దుబాయ్ నుంచి సెలవు మీద వస్తున్నడు, ఆషాఢంల ఇరవై రోజులు మాత్రమే ఉంటడు. మా బాబుకు రెండేండ్లు నిండినయి, పుట్టెంటికలు కూడా అక్కడనే తీపియ్యాలనుకుంటున్నం. అత్తమ్మకు 68 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. జాతర లేనప్పుడు మొక్కు చెల్లుతదా? బెల్లం ఇక్కడనే కొనుక్కొని పోవాల్నా, అక్కడ కొనాల్నా? ఒడిబియ్యం, సారె ఎంత పట్టుకపోవాలె? కారుల నలుగురం, మా అన్న కూడా వస్తడు.

ములుగు_తొవ్వ
చెల్లుతది చెల్లే. "జాతరకు వచ్చి ఇస్త" అని నోటితోని అని ఉంటే జాతరకే పోవాలె. ఉత్తగ "బంగారం ఇస్త" అని మొక్కితే ఏడాది పొడుగునా ఎప్పుడైనా ఇయ్యొచ్చు. అత్తమ్మను ఆ ఒక్క మాట అడుగు.

జాతర రెండేండ్లకోసారి మాఘ పున్నం దగ్గర బుధవారం నుంచి శనివారం దాక నాలుగొద్దులు జరుగుతది. 2024ల ఫిబ్రవరి 21 నుంచి 24, 2026ల జనవరి 28 నుంచి 31. తిథిని బట్టి నెల దాక అటిటు అయితది. నడిమి ఏడాది మాఘంల మండమెలిగె పండుగ చేస్తరు, దాన్నే జనం మినీ జాతర అంటరు.

మామూలు రోజులల్ల బుధ, గురు, శుక్ర, ఆదివారాలు జనం ఎక్కువ. పసిపిల్లగాడు, మోకాళ్ల నొప్పుల పెద్దమనిషి ఉన్నరు కాబట్టి సోమవారమో మంగళవారమో పొద్దున పోండి. జాతరల సారలమ్మ వచ్చేది బుధవారం, సమ్మక్క వచ్చేది గురువారం అని పట్టింపు ఉన్నోళ్లు ఆ రోజులే పోతరు. పట్టింపు లేకుంటే ఒత్తిడి లేని రోజే మేలు.

తొవ్వ: జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్, పరకాల మీదుగ వచ్చి గుడెప్పాడ్ దగ్గర హైవే ఎక్కితే హన్మకొండ ట్రాఫిక్ తప్పుతది. అక్కడి నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి, మేడారం. మొత్తం 200 కిలోమీటర్లు దాటుతది. తెల్లారి నాలుగింటికి బయలెల్లితే ఎండ ఎక్కకముందే అక్కడుంటరు.

ఓరుగల్లు_రాధ
ములుగు ఊరికి ముందు హైవే పక్కన గట్టమ్మ తల్లి ఉంటుంది, అక్కడ ఆగకుండా పోవద్దు. మేడారం పోయేవాళ్ల తొలి మొక్కు గట్టమ్మకే. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ చాలు, పది నిమిషాల పని. చాలామంది తిరుగు ప్రయాణంలో ఆగుదాం అనుకుంటారు, అది క్రమం కాదు.

ఇక సారె సంగతి. ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్క చీరే తీసుకపోవడం. తల్లి సమ్మక్కకు ఒకటి, బిడ్డ సారలమ్మకు ఒకటి, రెండు చీరలు, రెండు రవికె ముక్కలు, రెండు జతల గాజులు కావాలి. ఎరుపో పసుపో అయితే బాగుంటుంది. కొబ్బరికాయలు తక్కువలో తక్కువ నాలుగు గద్దెలకు (దేవతలు కొలువుండే అరుగులకు) నాలుగు: సమ్మక్కకు, సారలమ్మకు, సమ్మక్క భర్త పగిడిద్దరాజుకు, అల్లుడు గోవిందరాజుకు. సమ్మక్క కొడుకు జంపన్న గద్దెకు ఇంకొకటి, గట్టమ్మకు ఇంకొకటి. ఆరు కాయలు, ఒకటి కుళ్లితే అని ఏడోది.

ఒడిబియ్యం కిలోంబావు చొప్పున రెండు కట్టండి. కిలోంబావు బియ్యానికి రెండు చెంచాల పసుపు, ఒక చెంచా నూనె. చేత్తో గింజ గింజకు పసుపు అంటేదాకా కలపాలి. నీళ్లు అసలు చల్లొద్దు. వానాకాలం కదా, తడి తగిలిన బియ్యం ఒక్క రాత్రికే మెత్తబడి ముక్కిన వాసన వస్తుంది. ఐదు కుడుకలు, ఐదు పసుపుకొమ్ములు, ఐదు వక్కలు, ఐదు ఖర్జూరాలు, తమలపాకులు. ఆకులు మాత్రం బియ్యంలో పెట్టి మూట కట్టకండి, విడిగా తడిగుడ్డలో చుట్టుకుని గద్దె దగ్గర పెట్టండి.

బెల్లం_మండి
అక్కా, బంగారం గురించి నేను చెప్త. మేడారంల బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అనే అడగాలె, అట్లనే అమ్ముతరు.

మీ ఊర్ల కొనాల్నా, అక్కడ కొనాల్నా అంటే రెండు తీర్ల ఉంటది. ఇంటి దగ్గర కొంటే నలుగురి నడుమ తూచుకోవచ్చు, అత్తమ్మ కండ్ల ముందట మొక్కు తీరినట్టుంటది. రంగు, రుచి చూసి తీసుకోవచ్చు, ధర కూడా కొంచెం తక్కువ పడుతది. కష్టం ఎక్కడంటే మోయుడు. మీ ఆయన డెబ్భై కిలోలు ఉంటే డెబ్భై కిలోల బెల్లం, నలుగురు మనుషులు, సారె సంచులు ఒకే కారుల. డిక్కీ బరువెక్కితే అడివి తొవ్వల గుంతలకు కింద తాకుతది. అక్కడ కొంటే గద్దెల తొవ్వల దుకాణాలున్నయి, తరాజు ఉంటది, కూసోబెట్టి తూస్తరు. ధర మాత్రం ముందే అడిగి, కిలో ఎంతనో ఖరారు చేసుకున్నాకనే తరాజు ఎక్కాలె. తూచినంక బేరం నడవది.

నా మాట అడిగితే రెండూ కలపండి. ఐదు కిలోలు ఇంట్ల కొని దేవుని దగ్గర పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, సాక పోసి (దేవునికి నీళ్లు ధారబోసి) బయలెల్లండి. మిగిలింది అక్కడ కొనండి. మొత్తం కలిపి మనిషి తూగాలె, అంతే లెక్క.

నల్లబెల్లం మాత్రం తేవద్దు. గుడుంబాకు (నాటుసారాకు) వాడుతరని ఎక్సైజోళ్లు దానిమీద కన్నేసి ఉంటరు. ఇంటి నుంచి ఎక్కువ తూకం తెస్తే బిల్లు దగ్గర పెట్టుకోండి. జాతరప్పుడైతే కొనేటోళ్ల ఆధార్ వివరాలు కూడా రాసుకుంటరు.

గోదావరిఖని_రవి
తూకం దగ్గర ఒక సందేహం అన్నా. బట్టలతోని తూచాల్నా, చెప్పులు, ఫోను తీసి తూచాల్నా? బాబుకు కూడా తూచుకుంటే ఆ వయసు పిల్లలు తరాజుల కూసోరు కదా?

బెల్లం_మండి
చెప్పులు ఇడుస్తరు, జేబుల ఫోను, పర్సు తీస్తరు, బట్టలతోనే తూస్తరు. ఎప్పుడూ మొగ్గు దేవతల దిక్కే ఉండాలె. మనిషి 71 కిలోల 400 గ్రాములు తూగితే 71న్నర కాదు, 72 పెట్టేస్తరు. తక్కువ అనే మాట రావద్దని.

వేలాడే తరాజు అయితే ఒక పళ్లెంల మనిషి కూసుంటే ఇంకో పళ్లెంల దిమ్మలు పెట్టుకుంట పోతరు. ముందు పెద్ద దిమ్మలు, ఆఖర్ల చిన్న అచ్చులు. పళ్లెం లేచి రెండూ సమానంగ ఆగినంక ఇంకొక్క అచ్చు వేస్తరు, బెల్లం పళ్లెం కిందికి దిగుతది. అదే మొగ్గు. తూగేటప్పుడు పెద్దోళ్లు కాలు నేలకు ఆనిస్తే లెక్క తప్పుతది, రెండు కాళ్లు లోపలికి మడుచుకోమనాలె. పళ్లెం గొలుసులు ఊగుతుంటే వేళ్లు పడకుంట చూసుకోవాలె.

ఎలక్ట్రానిక్ కాంటా అయితే సులువు. పిల్లగాడు ఒక్కడు నిలవడు కాబట్టి తల్లి ఎత్తుకొని ఒకసారి ఎక్కాలె, దించి తల్లి ఒక్కతే ఒకసారి ఎక్కాలె. రెండిటి తేడానే బాబు తూకం. తల్లి కొంగుకు కట్టుకున్న మూటలుంటే రెండుసార్లు అవే ఉండాలె, లేకుంటే కిలో అటిటు అయితది.

ఇంకోటి, మనిషి గల్ఫ్‌ల ఉండి రాలేకపోయినా ఆగాల్సిన పని లేదు. ఆ రోజు అక్కడ ఎంత తూగిండో ఫోన్ల చెప్పిచ్చుకొని, పేరు తలుచుకొని ఆ తూకం బంగారం తల్లో పెండ్లామో ఇచ్చే ఇండ్లు మన దిక్కు మస్తుగున్నయి. సుమక్క ఇంట్ల ఆయన వస్తున్నడు కాబట్టి మనిషే ఎక్కొచ్చు, అంతకన్న సంతోషం ఏముంటది.

తాడ్వాయి_అడివి
కొన్ని మాటలు ముందే తెలుసుకుంటే మంచిది. మేడారంల విగ్రహం లేదు, గర్భగుడి లేదు. గద్దెలే దేవతలు. పూజ చేసేది కోయ వడ్డెలు. గోత్రనామాలు చెప్పుడు, అర్చన టికెట్టు, అభిషేకం వంటివి అడగొద్దు, అక్కడి తీరు వేరే. జాతరల చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్కను కుంకుమ బరిణె రూపంల తెస్తరు, సారలమ్మను కన్నెపల్లి నుంచి తెస్తరు, శనివారం మళ్ల వనప్రవేశం చేస్తరు. జాతర కానప్పుడు పోతే తల్లి ఉండదా అని కొందరు అడుగుతరు. గద్దె మీద మొక్కు ఎప్పుడైనా అందుతది, అందుకే ఏడాది పొడుగునా జనం వస్తుంటరు.

చిలకలగుట్ట ఎక్కాలని చూడకండి. అది వడ్డెలు తప్ప ఇంకెవరూ పోయే చోటు కాదు. గుట్ట దిక్కు నిలబడి దండం పెట్టుకోండి. వెదురు వనం నుంచి కొమ్మ విరుచుకొని ఇంటికి తెచ్చుకునుడు కూడా తప్పే.

కన్నెపల్లి మేడారం నుంచి మూడు కిలోమీటర్లే, సారలమ్మ గుడి ఉంటది. తీరిక ఉంటే పోండి. జనం సగానికి సగం అటు దిక్కు చూడకుంటనే వాపస్ పోతరు, నాకు అది బాధనిపిస్తది. సంతానం లేనోళ్లు జాతర బుధవారం ఆ గుడి ముందట వరుసగ పండుకొని వరం పడుతరు. సారలమ్మను తీసుకొని వచ్చే వడ్డెలు వాళ్ల మీది నుంచి దాటుకుంట పోతరు.

పరకాల_డ్రైవర్
బండి గురించి. పెట్రోల్ ములుగులోనో పస్రాలోనో నింపుకోండి. పస్రా నుంచి రెండు తొవ్వలు. తాడ్వాయి మీదుగ పోయేది హైవే, తాడ్వాయి దగ్గర ఎడమకు మళ్లాలె. ఇంకోటి నార్లాపూర్ మీదుగ. మామూలు రోజులల్ల వానాకాలం తాడ్వాయి తొవ్వనే మేలు. జాతరప్పుడు మాత్రం ప్రైవేటు బండ్లను, ఆర్టీసీ బస్సులను వేరే వేరే తొవ్వల పంపుతరు, వన్‌వే ఉంటది, అప్పుడు పోలీసులు ఎటు చెప్తే అటే.

అడివిల కోతులు తొవ్వ మీదికొస్తయి, అరటిపండు చూపిస్తూ బండి ఆపొద్దు. వెనక బండోనికి ప్రమాదం, కోతులకు కూడా. చీకటి పడేటాళ్లకు మళ్ల పస్రా దాటేటట్టు లెక్క వేసుకోండి. అడివిల సిగ్నల్ చాలా చోట్ల ఉండది, ఫోన్ పే మీద ఆధారపడొద్దు, చిల్లర నోట్లు పెట్టుకోండి. గాలివాన మొదలైతే చెట్ల కింద బండి పెట్టకండి. 2024 ఆగస్టు 31న ఆ తాడ్వాయి అడివిలనే ఒక్క సాయంత్రం గాలికి వేల చెట్లు కూలినయి.

జగిత్యాల_సుమ
చాలా థాంక్స్ అన్నా, అక్కా. అత్తమ్మను అడిగిన, జాతర అని మొక్కలేదట, "బంగారం ఇస్త" అని మాత్రమే అన్నదట. జంపన్న వాగుల స్నానం గురించి చెప్పండి. వాన ఎక్కువ ఉంటే ఎట్ల?

తాడ్వాయి_అడివి
ఆషాఢంల వాగు నమ్మేది కాదు చెల్లే. మీది గుట్టలల్ల వాన పడితే ఇక్కడ ఎండ ఉన్నా నీళ్లు పెరుగుతయి. 2023 జూలైల ఈ జంపన్న వాగే పొంగి కొండాయి ఊరును ముంచింది, ప్రాణాలు పోయినయి. నీళ్లు మట్టి రంగుల వస్తుంటే, కొట్టుకొచ్చే ఆకులు, పుల్లలు కనబడుతుంటే దిగొద్దు. స్నానఘట్టాల దగ్గర నల్లాలున్నయి, అక్కడ స్నానం చేసి, వాగు నీళ్లు చెంబుతోని తెచ్చి నెత్తిన చల్లుకుంటే సరిపోతది. ఎండకాలంల దీనికి ఉల్టా ఉంటది, నీళ్లు ఉండవు, ఇసుకల చెలిమెలుంటయి. ఇసుక తోడిన గుంతలుంటయి కాబట్టి అప్పుడు కూడా పిల్లలను వదలొద్దు.

సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయుల సైన్యంతోని కొట్లాడి ఈ వాగులనే పడ్డడని మా దిక్కు చెప్పుకుంటరు, అంతకుముందు దాని పేరు సంపెంగ వాగు. స్నానం అయినంక గట్టు మీద జంపన్న గద్దెకు కొబ్బరికాయ కొట్టి గద్దెల దిక్కు నడవాలె.

ఓరుగల్లు_రాధ
పుట్టెంటికలకు వాగు దగ్గర కల్యాణకట్ట ఉంది, టికెట్టు తీసుకోవాలి. బాబుకు రెండేండ్లు నిండినయి అంటే మూడో ఏడు నడుస్తున్నట్టే, బేసి ఏడు కాబట్టి మంచిదే. మేనమామ వస్తున్నాడు అన్నారు, అదే ముఖ్యం. ఆయన ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, మొదటి కత్తెర ఆయనే పెట్టాలి, కొత్త బట్టలు మేనమామ పెట్టేవి. కత్తెర ఇంటి నుంచే తెచ్చుకోండి. బ్లేడు కొత్తది మీ కండ్ల ముందే వేయమని అడగండి, మొహమాటపడవద్దు.

వెంట్రుకలు తీసే ముందే తల కొబ్బరినూనెతో తడిపి ఉంచితే చర్మం చీరుకోదు. తీయడం అయ్యాక గంధం పలచగా కలిపి రాయండి, చిక్కగా రాస్తే ఎండి పగిలి మంట పుడుతుంది. వాన చల్లకు చెవులు మూసే టోపీ ఒకటి పెట్టుకోండి. వెంట్రుకలు వాగులో వేయకండి, కల్యాణకట్టలోనే ఇవ్వాలి. ముందు పుట్టెంటికలు, తర్వాత స్నానం, తర్వాత గద్దెలు, ఈ వరుస తప్పొద్దు. గద్దెలకు పోయి వచ్చాక తల తీయిస్తే మళ్లీ స్నానం చేయాలి, పిల్లవాడికి రెండుసార్లు చన్నీళ్లు.

బెల్లం_మండి
గద్దెల దగ్గర బంగారం ఇచ్చే తీరు. డెబ్భై కిలోలు ఒక్కరు మోయలేరు. దిమ్మలను ఐదు కిలోలకు మించకుంట నూలు సంచులల్ల పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్ల పెడితే వానాకాలపు తేమకు బెల్లం చెమట పట్టి కరిగి, అడుగున పాకం కారుతది, చేతులకు, చీరలకు అంటుకుంటది. గోనె సంచి అయితే పీచు అంటుకుంటది. ఉతికిన తెల్లగుడ్డనో పంచెనో చుట్టి పెడితే ఏ ఇబ్బంది లేదు.

దూరం నుంచి ఇసరొద్దు, ఇది బతిమాలి చెప్తున్న. జాతరల వెనక నుంచి ఇసిరిన దిమ్మలు, కొబ్బరికాయలు ముందున్నోళ్ల తలలకు తాకి నెత్తురు కారుతది. మామూలు రోజు రద్దీ ఉండది, దగ్గరికి పోయి చేతికియ్యొచ్చు, లేదంటే చూపిన చోట పెట్టొచ్చు.

గద్దె మీద పెట్టిన బంగారం మళ్ల అడగొద్దు. ఇంటికి ప్రసాదం కావాలంటే రెండు మూడు కిలోలు తూకంల లేనిది విడిగ తీసుకొని, గద్దెకు తాకిచ్చి వాపస్ తెచ్చుకోండి. తూకంల నుంచి తీస్తే మొక్కు తక్కువైతది. ఈ ఒక్కటే ఎక్కువ ఇండ్లల్ల పొరపాటైతది, ఇంటికొచ్చినంక పెద్దోళ్లు మనసుల పెట్టుకుంటరు.

అత్తమ్మకు ఒక మాట. గద్దెల చుట్టూ నేల మీద బెల్లం, కొబ్బరి నీళ్లు పడి ఉంటయి. వాన పడితే బంక బంకగ ఉండి, ఆ మీదట జారుతది. చెప్పులు లేకుంట నడవాలె కాబట్టి ఒక పక్క మనిషి, ఒక పక్క కర్ర ఉండాలె. తడిగుడ్డ ఒకటి పెట్టుకుంటే బయటికి వచ్చినంక పాదాలు తుడుచుకోవచ్చు, లేకుంటే ఈగలు ముసురుతయి.

గోదావరిఖని_రవి
యాట (మేకో గొర్రో) మొక్కు ఉన్నోళ్లు ఎట్ల చేస్తరన్నా? మా ఇంట్ల కోడి మొక్కు ఉన్నది. బస్సుల తీసుకపోనిస్తరా?

ములుగు_తొవ్వ
బస్సుల కోళ్లు, మేకలు ఎక్కించనియ్యరు తమ్మీ. అక్కడనే కొనాలె. కోడిని గద్దె దిక్కు చూపి మొక్కుకొని, ఎదురుకోడి మొక్కు అయితే పైకి ఎగిరేసి, విడిది దగ్గరికి తెచ్చుకొని కోసుకోవాలె. గద్దెల మీద కోయుడు ఉండది. వంట చెట్ల కింద చేసుకుంటరు కాబట్టి గిన్నెలు, నూనె, ఉప్పుకారాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఈకలు, విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు అన్నీ మూట కట్టి డబ్బాల వెయ్యండి. అది అభయారణ్యం, మిగిలిన అన్నం కవరుతో సహా తిని జంతువులు సస్తయి.

హన్మకొండ బస్టాండు నుంచి మేడారంకు నేరుగ బస్సులు తక్కువ. దొరకకుంటే తాడ్వాయి దాక వచ్చి అక్కడ ఆటో పట్టాలె. ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల టికెట్టు పైసలు ఉండవు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది చేతుల ఉండాలె.

హన్మకొండ_భద్ర
సుమ గారూ, ఆషాఢం అంటున్నారు కాబట్టి ఒక్క మాట. ఆ నెల పాడ్యమి నుంచి పున్నమి దాకా వరంగల్ భద్రకాళి గుడిలో శాకంబరి ఉత్సవాలు జరుగుతాయి. పున్నమి నాడు అమ్మవారిని నిండా కూరగాయలతో అలంకరిస్తారు. కాకర, బెండ, దోస, మిరప, ఆకుకూరలు మాలలు కట్టి వేస్తారు. కూర్చున్న ఎనిమిది చేతుల పెద్ద మూర్తి, ఆ పచ్చదనంలో చూడడం వేరు. ఆ ఒక్క రోజు క్యూ మాత్రం చాలా పొడుగు. అత్తమ్మ గారితో అయితే పున్నమికి ముందు రోజుల్లో ఏదో ఒకటి చూసుకోండి, ఆ రోజుల్లో కూడా ఉత్సవం ఉంటుంది.

మేడారం, భద్రకాళి ఒకే రోజు పెట్టుకోవద్దు. మేడారంలో వాగు, కల్యాణకట్ట, తూకం, గద్దెలు అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. పిల్లవాడు అలసిపోతాడు. హన్మకొండలో రాత్రి ఉండి, తెల్లవారి తొందరగా గుడికి పోతే ఎనిమిదిలోపు దర్శనం అవుతుంది. మధ్యాహ్నం గుడి కొంతసేపు మూస్తారు. అక్కడ గోత్రనామాలు, అర్చన అన్నీ ఉంటాయి, అత్తమ్మ గారికి కుంకుమపూజ చేయించుకోవాలని ఉంటే ఇక్కడ చేయించండి.

తాడ్వాయి_అడివి
భద్ర అన్న చెప్పింది సరిగ్గ ఉంది. రాత్రి అడివి దిక్కే ఉందామనుకుంటే తాడ్వాయిల అటవీశాఖ కుటీరాలున్నయి, ముందే బుక్ చేసుకోవాలె. రామప్ప గుడి కూడా తిరుగు తొవ్వలనే, ములుగు దాటకముందే పాలంపేటకు మళ్లొచ్చు.

జగిత్యాల_సుమ
అన్నీ రాసుకున్న. మంగళవారం పోదామనుకుంటున్నం. ఆఖరి ప్రశ్న: తెచ్చిన బంగారం ప్రసాదం వానకు ఎట్ల ఉంచాలె? మా వాడకట్టుల నలభై ఇండ్లున్నయి, అందరికీ పంచాలె.

బెల్లం_మండి
నలభై ఇండ్లకు ఇంటికి 50 గ్రాములు అనుకుంటే రెండు కిలోలు, చుట్టాలకు ఇంకో కిలో. మూడు కిలోల దిమ్మ విడిగ పెట్టుకోండి. ఇంటికి రాంగనే పగులగొట్టొద్దు, పగిలిన బెల్లం తొందరగ నీరు పడుతది. దిమ్మగనే గుడ్డల చుట్టి స్టీలు డబ్బాల, చీమలు రాకుంట ఆ డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంల పెట్టండి. పంచే రోజు పొద్దున పొడి కత్తితోని చెక్కి, కొబ్బరి ముక్క, కుంకుమ పొట్లం కలిపి కాగితంల కట్టండి. మూడు నాలుగొద్దులల్ల పంచెయ్యండి. దూరంగున్నోళ్లకు పంపేటివి ముందు కట్టండి.

ఓరుగల్లు_రాధ
పంచేటప్పుడు మొదటి పొట్లం మీ అత్తమ్మ చేతికే ఇవ్వు సుమా, మొక్కుకున్నది ఆమె కదా. గద్దె దగ్గర నుంచి తెచ్చిన పసుపుకుంకుమ ఆ దిమ్మ మీదనే కొంచెం చల్లి ఉంచు, విడిగా కవర్లో పెడితే బండిలో ఎక్కడో పడిపోతుంది.